వెన్ను ఆపరేషన్ తర్వాతా వీడని నరాల నొప్పి

వెన్ను ఆపరేషన్ అయ్యాక నడుములోనో కాలిలోనో నొప్పి నెలల తరబడి ఉండిపోవడం, లేదా కొత్తగా మొదలవడం ఈ స్థితి లక్షణం. చాలాకాలం వైద్యులు దీన్ని ‘విఫల వెన్ను శస్త్రచికిత్స’ అన్నారు. రోగినీ సర్జన్‌నూ ఇద్దరినీ నొప్పించే మాట అది. 2021లో నిపుణులు దాని బదులు ‘వీడని వెన్ను నొప్పి, రెండో రకం’ అనే అర్థమిచ్చే పేరు ప్రతిపాదించడం న్యాయంగా ఉంది.

మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం ఈ నొప్పి తీరు. కొందరు దుప్పటి అంచు తగిలినా భరించలేరు. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. అంతమాత్రాన బాధ కల్పితం కాదు. చాలాకాలం నలిగిన నరం, ఒత్తిడి తొలగాక కూడా తప్పుడు సంకేతాలు పంపుతూనే ఉండవచ్చు.

ఉదాహరణకు, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఎఫ్. కెనడీకి 1944 నుంచి 1957 దాకా నాలుగుసార్లు వెన్నుకు ఆపరేషన్ జరిగింది. 1954లో అమర్చిన లోహపు పలకను, ఇన్ఫెక్షన్ సోకడంతో మరుసటి ఏడాదే తీసేశారు. నడుం పట్టీ, ఊగే కుర్చీ, ఇంజెక్షన్లు ఆయన దినచర్యలో భాగమయ్యాయి. 1961లో మొదలుపెట్టిన క్రమబద్ధమైన వ్యాయామం మాత్రం చెప్పుకోదగ్గ ఉపశమనమిచ్చింది.

మామూలు నొప్పి మాత్రలు ఇక్కడ అంతగా పనిచేయవు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, డులాక్సెటిన్ వంటివి కొందరికి సాయపడతాయి, మగత తెచ్చినా.

మందులే కాక మరో దారీ ఉంది. నొప్పి తగ్గించేందుకు వెన్నుపాము దగ్గర తీగలు అమర్చి స్వల్ప విద్యుత్తు పంపే పద్ధతిని 1967లో అమెరికన్ సర్జన్ నార్మన్ షీలీ తొలిసారి వాడారు. శాశ్వతంగా అమర్చే ముందు కొన్ని రోజులు తాత్కాలికంగా పెట్టి, ఫలితం చూస్తారు.