ఎర్రమట్టి దిబ్బల పుట్టుక

డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు భౌతిక భూగోళశాస్త్రం మొదలుపెట్టేటప్పుడు నేను మ్యాపు తెరవను. విశాఖలో భీమిలి బస్సెక్కిస్తాను. దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు. అక్కడి వాగు గోడ దగ్గర నిలబెట్టి, రాలిన మట్టిని అరచేతిలో రుద్దమంటాను. ఇసుకలా జారిపోతుంది, వేళ్లకు ఎర్రటి పొడి మిగులుతుంది. అందులో నల్లగా మెరిసే రేణువులు ఇల్మనైట్ అనే ఖనిజం.

సుమారు 20 వేల ఏళ్ల కిందట, చివరి మంచుయుగంలో, బోలెడంత నీరు మంచుగా గడ్డకట్టి సముద్రమట్టం దాదాపు 120 మీటర్లు దిగిపోయింది. బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తి తెచ్చి తీరాన పోసింది. కొండల నుంచి వాగులు తెచ్చిన మట్టీ కలిసింది. గార్నెట్ లాంటి ఖనిజాలు శిథిలమై, వాటిలోని ఇనుము తుప్పుపట్టి, రేణువు రేణువుకూ ఎర్రపూత పూసింది. వానలు కోసిన గండ్లే ఇప్పుడు మనం నడిచే వంకర సందులు. ఇది ఇంకా రాయిగా గట్టిపడని మట్టి, అందుకే జడివానకు అంచులు విరిగిపడతాయి.

ఇలాంటి ఎర్రమట్టి దిబ్బలు తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయి.

2014లో మన విశాఖ దిబ్బలను జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. ఆ గుర్తింపు ఒక్కటే చాలదు. వేల ఏళ్లకు ఏర్పడిన దిబ్బను పొక్లెయిన్ ఒక్క పూటలో చదును చేయగలదు. మీరు వెళ్తే అంచులెక్కకండి. ఎవరైనా తవ్వుతూ కనిపిస్తే ఊరుకోకండి.