సముద్ర నేపథ్య డోలనాలు

సునామీ లేని రోజుల్లోనూ తీర జలాల్లో నిరంతరం సాగే, కొన్ని నిమిషాల నుంచి రెండు మూడు గంటల వరకు ఆవర్తన కాలం గల నీటిమట్టపు హెచ్చుతగ్గులను నేపథ్య డోలనాలు అంటారు. గాలి, వాతావరణ పీడన మార్పులు వీటిని రేపగా, అఖాతం లేదా ఓడరేవు పొడవు, లోతు వీటి ఆవర్తన కాలాన్ని నిర్ణయిస్తాయి. ఒకవైపు మాత్రమే సముద్రానికి తెరుచుకుని, 3 కిలోమీటర్ల పొడవు, 10 మీటర్ల లోతు ఉన్న అఖాతంలో అది సుమారు 20 నిమిషాలు.

సునామీ తరంగాల ఆవర్తన కాలాలు కూడా ఈ పరిధిలోనే ఉండటంతో, రెంటినీ వేరు చేయడం పరిశోధనకు అత్యవసరం. 2004 డిసెంబరు 26న సుమత్రా భూకంపం పుట్టించిన సునామీని విశాఖపట్నం, చెన్నై రేవుల్లోని నీటిమట్ట మాపకాలు నమోదు చేశాయి. ఇటువంటి నమోదుల నుంచి పోటుపాటులను తొలగించి, సునామీ నాటి వర్ణపటాన్ని, అంటే ఏ ఆవర్తన కాలం వద్ద ఎంత శక్తి ఉందో చూపే పట్టికను, అంతకుముందరి ప్రశాంత దినాల వర్ణపటంతో భాగిస్తే, రేవు స్వభావం చాలావరకు తొలగి, సునామీ మూలానికి చెందిన లక్షణాలు బయటపడతాయి.

సునామీని వేరుగా గుర్తించడం హెచ్చరికలకూ అవసరమే. నడిసముద్రంలో అడుగున అమర్చిన పీడన మాపకాలు గత 3 గంటల కొలతల ఆధారంగా రాబోయే నీటిమట్టాన్ని అంచనా వేస్తాయి. అసలు కొలత ఆ అంచనాను నిర్ణీత హద్దుకు, ఉత్తర పసిఫిక్‌లో 30 మిల్లీమీటర్లకు, మించి తప్పితే సునామీ సంకేతంగా పరిగణిస్తాయి. హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరులో ప్రారంభమైన సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం, భూకంప సమాచారంతోపాటు పీడన, నీటిమట్ట మాపకాల కొలతలను అనుక్షణం పరిశీలిస్తుంది. నేపథ్య డోలనాల పరిమాణం ముందే తెలిసి ఉండటం వల్ల అనవసర హెచ్చరికలు తగ్గి, నిజమైన హెచ్చరికపై తీరవాసుల నమ్మకం నిలుస్తుంది.