ఫారంలో గడి లేకపోతే చరిత్రలో చోటు లేదు

మీ ఊరి చరిత్ర రాద్దామని నలుగురు దోస్తులు కలిసి ఒక టీం పెట్టుకున్నరనుకోండి. మొదటి రోజే ఒక ప్రశ్న వస్తది: అందరం ఒకే ఫారం వాడాలి కదా, అందులో ఏమేం గడులు ఉండాలి? చిన్న ముచ్చట లెక్కనే కనిపిస్తది. కానీ సగం చరిత్ర అక్కడే తేలిపోతదని నేనంటాను.

మన భూమి రికార్డునే చూడండి. 1954-55 నాటి ఖాస్రా పహాణీని ఇప్పటికీ భూమి తగాదాల్లో బయటికి తీస్తారు. పాత పహాణీల్లో పట్టాదారుకు ఒక కాలమ్, భూమి మీద ఉన్న అనుభవదారుకు ఇంకో కాలమ్ ఉండేవి. 2020లో వచ్చిన ధరణిలో ఆ రెండో కాలమ్ లేకుండా పోయింది. దున్నే మనిషి పొలంలోనే ఉండె, రికార్డులో మాత్రం లేకుండె. ఒక్క గడి తీసేస్తే అంత జరుగుతది.

ఇప్పుడు వాలంటీర్ల దగ్గరికి వద్దాం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. జీతం లేకుండా రాసేవాళ్లు వేల ఊర్లకు పేజీలు తయారు చేశారు. ప్రతి పేజీనీ కొత్తగా రాయడం కష్టం కాబట్టి ‘మూస’లు వాడారు. కంసాలి బంగారం కరిగించే పాత్రను మూస అంటాం కదా, ఆ మాటే ఇక్కడికొచ్చింది. తర్వాత 2011 జనగణన లెక్కలు చేర్చారు: బడి, దవాఖాన, తాగునీరు, సాగుభూమి. లాభం ఏందంటే, చిన్న ఊరికి కూడా ఇన్ని వివరాలు దొరికినయి. నష్టం ఏందంటే, జనగణన అడగని సంగతి పేజీలోకి రావడం కష్టమైంది.

2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినయి. వీర్నపల్లి అప్పటిదాకా కరీంనగర్ జిల్లా ఎల్లారెడ్డిపేట మండలంలో ఒక ఊరు. ఆ మార్పుతో రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రమైంది. అటు కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి పోయింది. వికీ వాలంటీర్లు ఊర్ల పేజీల్లో పాత పేరు చెరిపేసి ఊరుకోలేదు. పునర్వ్యవస్థీకరణకు ముందు ఏ జిల్లాలో ఉండేదో కూడా రాశారు. నాకు బాగా నచ్చింది ఇదే. మీ తాత పెట్టెలో ఉన్న కాగితం మీద కరీంనగర్ అనే ఉంటది. 1985లో మండలాలు రాకముందుదైతే తాలూకా పేరు ఉంటది. పాత పేరుకు గడి పెట్టకపోతే, ఆ కాగితం ఎక్కడిదో మనుమనికి ఎట్ల తెలుస్తది?

ఇంకో చిక్కు తండాలది. వీర్నపల్లి చుట్టూ లంబాడీ తండాలు ఉన్నయి. జనగణన పట్టికలో రెవెన్యూ గ్రామం పేరే కనిపిస్తది, తండా జనం ఆ లెక్కలోనే కలిసిపోతరు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో చాలా తండాలు సొంత పంచాయతీలైనయి. అయినా మన ఫారంలో ‘రెవెన్యూ గ్రామం’ అనే గడి ఒక్కటే ఉంటే, వాటి పేర్లు మళ్లీ మనమే దాచినట్టు.

అందుకే ఫారం ఎంచుకునేటప్పుడు ఐదు గడులు తప్పక ఉన్నయా అని చూడండి. రికార్డులో పేరు, జనం పిలిచే పేరు. పాత తాలూకా, మండలం, జిల్లా. తండాలకు విడిగా చోటు. ఈ వివరం ఏ తేదీ నాటిది. ఎక్కడ దొరికింది, లేదా ఎవరు చెప్పారు. చెప్పినవాళ్లను అడగకుండా వాళ్ల పేరు, ఫోన్ నంబరు నెట్‌లో పెట్టొద్దు.

చివర ఒక ఖాళీ పేజీ కూడా ఉంచండి. ముసలవ్వ చెప్పే సంగతి ఏ గడిలోనూ పట్టకపోతే, అక్కడ రాసుకోవచ్చు.