గోడమీది గుమ్మం, వంటిమీది గుడ్డ

కిందటి వేసవిలో పెడనలో ఒక కలంకారీ గోడతెర కొన్నాను. నడుమ మెహరాబు కమాను, అటూ ఇటూ స్తంభాలు, కమాను కింద పూలచెట్టు. దానితో కోటు కుట్టించుకోవాలనే బుద్ధి నాకెందుకు పుట్టిందో! బెజవాడ వన్‌టౌన్‌లో ఎన్నో ఏళ్ళుగా నా బట్టలు కుడుతున్న సాయిబుగారు గుడ్డను బల్లమీద పరచి, కత్తెర పక్కన పెట్టేశారు. "మాస్టారూ, గుమ్మాన్ని ఎక్కడ కొయ్యమంటారు?" అన్నారు.

చిత్రకళ, వాస్తుకళ, కుట్టుపని - మన విమర్శకులు వీటిని మూడు వేరువేరు గదుల్లో కూర్చోబెట్టారు. కుట్టుపనికి అసలు పీటే వెయ్యలేదనుకోండి. కాని బందరు అద్దకంలో ఈ మూడూ ఒకే గుడ్డమీద బతికాయి. గోలకొండ నవాబుల కాలంలో ఈ తీరంనుంచి డేరాలకు కట్టే కనాతులు వెళ్ళేవి. వరసగా కమానులు, ఒక్కొక్క కమాను కింద ఒక పూలమొక్క. డేరా అంటే ప్రభువుతో ప్రయాణం చేసే మేడ. దానికి తాపీమేస్త్రీ దర్జీయే. ఆ కనాతు తయారైన రంగులతోనే నడికట్లూ, రుమాళ్ళూ, అంగీల గుడ్డలూ తయారయ్యేవి.

పనితీరు చూడండి. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. ఇనుపముక్కలూ బెల్లమూ పులియబెట్టిన కషాయంతో గీత గీస్తే నల్లగా తేలుతుంది. ఎరుపు రావలసినచోట పటిక నీళ్ళు పెడతారు. వాటికి రంగంటూ వుండదు. చిరివేరుతో కాగులో ఉడికించినప్పుడు, పటిక తగిలినచోటనే ఎరుపు పడుతుంది. అంటే పనివాడు కంటికి కనిపించని బొమ్మను వేస్తున్నాడన్నమాట. పారే కాలవ నీరు లేకపోతే ఇందులో ఏదీ సాగదు.

డచ్చివారి వెనకనే 1611లో ఇంగ్లీషువారు బందరులో దిగారు. శామ్యూల్ పెపిస్ అనే లండను ఉద్యోగి 1663లో భార్య చదువుగది గోడలకు హిందూదేశపు అద్దకం గుడ్డ కొన్నట్టు తన దినచర్యలో రాసుకున్నాడు. అటువంటి గుడ్డే అక్కడ దొరల ఇంటి అంగీగా, దొరసానుల గౌనుగా మారింది. సయాం రాజాస్థానమైతే నమూనాలు పంపి మరీ మన తీరంలో వేయించుకున్నది. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో ఈ సరుకుపై నిషేధ శాసనాలు చేశాయి. 1719లో లండను నేతగాళ్ళు వీధుల్లో స్త్రీల వంటిమీది అద్దకపు గౌన్లను చించారు. వారిని మనం తిట్టుకోనక్కర్లేదు. వారూ ఆకలిగొన్న మగ్గంవాళ్ళే. ఇక్కడి అద్దకపువాడు వర్తకుడి బయానాకు కట్టుబడి పనిచేస్తుంటే, అక్కడి నేతగాడు ఆ గుడ్డనే శత్రువనుకున్నాడు. లాభం నడుమ కూర్చున్నవాడిది.

1868లో జర్మనులు అలిజరిన్‌ను రసాయనికంగా తయారుచేశాక చిరివేరు వెనకబడింది. ఇప్పుడు పెడనలో కలంకన్న చెక్కఅచ్చుదే రాజ్యం.

పుస్తకాల్లో దీన్ని 'పర్షియన్ శైలి' అంటారు. కమాను ఆ దేశపుదే కావచ్చు. పటిక పాలు ఎంతో, వేరును ఎంతసేపు ఉడికించాలో తెలిసినవాడు పర్షియా వాడు కాదు. కొన్నవాడి రుచి శైలికి పేరయింది, చేసినవాడి విద్యకు పేరే లేకపోయింది. అందుకే నాకు ఆ మాట మింగుడుపడదు.

చివరకు సాయిబుగారు కమానును చెక్కుచెదరకుండా వీపుమీదికి తెచ్చి, స్తంభాలను పక్క కుట్లకు ఆనించి, మిగిలిన అంచుతో కాలరు వేశారు. ఆ కోటు తొడుక్కుని మళ్ళీ పెడన వెళ్ళాను. అద్దకం బల్లదగ్గర వున్న పెద్దాయన నన్ను వెనక్కి తిరగమన్నాడు. కమానుకేసి చూడలేదు. అచ్చుకూ అచ్చుకూ మధ్య గీత కలిసిందో లేదో వేలితో తడిమి చూసుకున్నాడు.