టైప్ 99 యుద్ధ ట్యాంకు

టైప్ 99 చైనా సైన్యం వాడే ప్రధాన యుద్ధ ట్యాంకు. చైనా ప్రభుత్వ ఆయుధ సంస్థ నోరింకో దీన్ని ఇన్నర్ మంగోలియాలోని బావోతౌ నగరంలో ఉన్న కర్మాగారంలో తయారు చేయిస్తుంది. 1999 అక్టోబరు 1న, కమ్యూనిస్టు చైనా ఏర్పడి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా బీజింగ్‌లో జరిగిన కవాతులో ఇది టైప్ 98 అన్న పేరుతో తొలిసారి జనం కంట పడింది. కవచంలోనూ పరికరాల్లోనూ మార్పులు జరిగాక టైప్ 99గా దళాల్లో చేరింది. 2010ల్లో వచ్చిన 99ఏ దీని మెరుగైన రూపం. సిబ్బంది ముగ్గురు, ఫిరంగి 125 మిల్లీమీటర్లది, బరువు రకాన్ని బట్టి 50 నుంచి 55 టన్నుల దాకా ఉంటుంది. చైనా దీన్ని ఇంతవరకూ ఏ దేశానికీ అమ్మలేదు. ఏ యుద్ధంలోనూ దించలేదు.

నేపథ్యం

చైనా ట్యాంకుల పరిశ్రమకు పునాది వేసింది సోవియట్ యూనియన్. 1950ల్లో ఆ దేశం సాయంతోనే బావోతౌ కర్మాగారం లేచింది. సోవియట్ టీ-54ఏ ట్యాంకు అక్కడ టైప్ 59 పేరుతో తయారైంది. బరువు 36 టన్నులు, ఫిరంగి 100 మిల్లీమీటర్లది, ఇంజిన్ 520 హార్స్‌పవర్‌ది. రెండు దేశాలకూ చెడి, 1960లో సోవియట్ నిపుణులు పెట్టే బేడా సర్దుకుని వెళ్లిపోయారు. చైనా చేతిలో కర్మాగారం మిగిలింది గానీ కొత్త ట్యాంకును సొంతంగా గీసుకునే అనుభవం లేదు. అందుకే టైప్ 59నే పైపై మార్పులతో దశాబ్దాల పాటు తయారు చేస్తూ పోయింది.

1969 మార్చిలో ఉస్సూరి నది మీది జెన్‌బావో దీవి దగ్గర రెండు దేశాల సైన్యాలు కాల్పులకు దిగాయి. ఈ దీవినే రష్యన్లు దమాన్‌స్కీ అంటారు. ఆ పోరులో 545 నంబరున్న సోవియట్ టీ-62 ట్యాంకు దెబ్బతిని గడ్డకట్టిన నది మీద నిలిచిపోయింది, తర్వాత మంచు పగిలి నీళ్లలో మునిగింది. చైనా సైనికులు దాన్ని పైకి లాగి తీసుకుపోయారు. ఇప్పుడది బీజింగ్‌లోని సైనిక మ్యూజియంలో ఉంది. లోపల గాడులు లేని నున్నటి 115 మిల్లీమీటర్ల గొట్టాన్ని విప్పి చూశాక తాము ఎంత వెనకబడ్డారో చైనా ఇంజినీర్లకు అర్థమైంది. చేతిలో ఉన్న ట్యాంకు వ్యతిరేక ఆయుధాలు సోవియట్ కవచం మీద పెద్దగా పనిచేయకపోవడం ఇంకో చేదు పాఠం. మంగోలియా మైదానాల నుంచి సోవియట్ ట్యాంకు దళాలు బయల్దేరితే బీజింగ్ దాకా దారి చాలావరకు చదునే. టైప్ 99 కావాలన్న ఆలోచన పుట్టింది ఈ భయంలోంచే. ఎదుర్కోవలసిన శత్రువు ఎవరో, ఏ నేల మీదో మొదటే తేలిపోయింది కాబట్టి ఆ ముద్ర ట్యాంకు రూపంలో చివరిదాకా నిలిచింది.

1980ల్లో పాశ్చాత్య దేశాలతో స్నేహం కుదిరింది. బ్రిటిష్ నమూనా 105 మిల్లీమీటర్ల ఫిరంగి, మార్కోనీ సంస్థ గురి పరికరాలు పాత ట్యాంకుల మీదికి ఎక్కాయి. 1989లో తియానన్మెన్ కాల్పుల తర్వాత అమెరికా, ఐరోపా దేశాలు ఆయుధాల అమ్మకాలు ఆపేయడంతో ఆ దారీ మూసుకుపోయింది.

రూపకల్పన

కొత్త ట్యాంకు బాధ్యతను 1984లో జూ యూషెంగ్‌కు అప్పగించారు. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. 1940ల్లో యుద్ధం సాగుతున్న రోజుల్లో ఒక మోర్టారు పరీక్షలో ఆయన కుడిచెయ్యి పోయింది. ఎడమచేత్తోనే రాస్తూ, గీస్తూ ఈ పథకాన్ని చివరిదాకా నడిపించి 2014లో కన్నుమూశారు. చైనా ట్యాంకుల కథలో మనిషి ముఖం కనపడే సందర్భాలు తక్కువ. ఆయుధ పరిశ్రమ అంతా గోప్యతే కాబట్టి సంస్థల పేర్లు, అంకెలే బయటికొస్తాయి. అందుకే ఈ ఒంటిచేతి ఇంజినీరును ప్రత్యేకంగా తలుచుకోవాలి.

మొదటి పెద్ద వాదం ఫిరంగి మీద జరిగింది. పాశ్చాత్య తరహాలో 120 మిల్లీమీటర్లదా, సోవియట్ తరహాలో 125 మిల్లీమీటర్లదా? చైనా అప్పటికే మంచి 120 మిల్లీమీటర్ల ఫిరంగిని తయారు చేసుకుంది, టైప్ 89 అనే ట్యాంకు విధ్వంసక వాహనం మీద దాన్ని వాడింది కూడా. అయినా చివరికి 125 వైపే మొగ్గింది. కారణం గొట్టం కాదు, దానితో వచ్చే గుండ్లు నింపే యంత్రం. సోవియట్ టీ-72 ట్యాంకులో గుండ్లు టరెట్ (ఫిరంగితో పాటు తిరిగే పైభాగం) కింద గుండ్రటి పళ్లెంలో పేర్చి ఉంటాయి. యంత్రం వాటిని ఒక్కొక్కటిగా పైకెత్తి ఫిరంగిలోకి తోస్తుంది. అలాగైతే గుండు నింపే నాలుగో మనిషి అక్కర్లేదు. ఒక మనిషి తగ్గితే టరెట్ చిన్నదవుతుంది, మిగిలిన బరువును కవచానికి పెట్టుకోవచ్చు.

ఇంజిన్ విషయంలో మాత్రం సోవియట్ దారి వదిలేశారు. టీ-72 ఇంజిన్ శక్తి 780 హార్స్‌పవర్. కొత్త ట్యాంకుకు అది చాలదని జర్మన్ సాంకేతికత ఆధారంగా 1200 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్ తయారు చేసుకున్నారు. దాన్ని అడ్డంగా కాక నిలువుగా అమర్చడంతో ట్యాంకు వెనకభాగం టీ-72 కంటే పొడుగైంది. ఈ ట్యాంకును టీ-72కు నకలు అనేవాళ్లు ఈ వెనకభాగాన్ని చూడరు. కింది అమరిక సోవియట్‌ది, గుండె జర్మన్ వంశానిది, పైనున్న టరెట్ చైనా సొంతం అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

1991 గల్ఫ్ యుద్ధం ఈ పని మధ్యలో వచ్చి పడింది. ఇరాక్ దగ్గరున్న చైనా టైప్ 69లు, సోవియట్ టీ-72లు అమెరికన్ ఏబ్రమ్స్ ట్యాంకుల ముందు నిలవలేకపోయాయి. చీకట్లో, ఇసుక తుపానులో కూడా ఉష్ణాన్ని బట్టి చూసే పరికరాలున్న ట్యాంకు, అవి లేని ట్యాంకును కనబడకముందే కొట్టేసింది. అదే ఏడాది చివర్లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. ఎవరి కోసం ట్యాంకు గీశారో ఆ శత్రువు మాయమైనా పని ఆగలేదు. ఈసారి కొలబద్ద ఏబ్రమ్స్ అయింది.

సామర్థ్యాలు

టైప్ 98 నుంచి 99కి వచ్చేసరికి టరెట్ ముందు భాగంలో బాణం మొనలాంటి అదనపు కవచం చేరింది. తగిలిన గుండును ఎదురు పేలుడుతో చెదరగొట్టే పలకలను దాని మీద అమర్చారు. కమాండరుకు గన్నరుతో పనిలేకుండా విడిగా చుట్టూ గాలించే దృశ్య పరికరం ఉంది. గన్నరు ఒక లక్ష్యం మీద కాలుస్తుండగానే కమాండరు తర్వాతి లక్ష్యాన్ని వెతకగలడు. 99ఏలో 1500 హార్స్‌పవర్ ఇంజిన్, ఒక ట్యాంకు చూసినది తోటి ట్యాంకులకు చేరవేసే సమాచార వ్యవస్థ వచ్చాయి. దీని ప్రధాన రూపకర్త మావ్ మింగ్. 2015 సెప్టెంబరు 3 కవాతులో ఇది బీజింగ్ వీధుల్లో కదిలింది.

ఫిరంగిలోంచి మామూలు గుండ్లే కాక లేజర్ కిరణం వెంబడి దూసుకుపోయే క్షిపణిని కూడా పేల్చవచ్చు. ఇది సోవియట్ రిఫ్లెక్స్ కుటుంబానికి చెందినది. భారత సైన్యపు టీ-90ల కోసం హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ తయారు చేసే ఇన్వార్‌దీ అదే కుటుంబం. అంటే సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ట్యాంకుల క్షిపణులకు మూలం ఒక్కటే.

తొలి రకాల్లో అందరి దృష్టినీ లాగింది టరెట్ పైనున్న లేజర్ పెట్టె. శత్రువు లేజర్‌తో దూరం కొలుస్తుంటే అది పసిగట్టి, కిరణం వచ్చిన దిక్కుకే బలమైన లేజర్‌ను పంపి గురి పరికరాలను పనికిరాకుండా చేయడం దాని ఉద్దేశం. ఆ పరికరంలో కన్ను పెట్టి చూస్తున్న మనిషి చూపుకూ ప్రమాదమే. మనిషిని శాశ్వతంగా గుడ్డివాణ్ని చేయడానికే తయారైన లేజర్ ఆయుధాలను 1995 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం నిషేధించింది, చైనా కూడా అందులో చేరింది. పరికరం మీద గురిపెట్టామన్న వాదన ఆ మనిషి కంటిని కాపాడదు.

దీని అసలు బలహీనత గుండ్ల పళ్లెమే. 22 గుండ్లు సిబ్బంది కాళ్ల కింద ఉంటాయి. కవచం చీలి మంట అక్కడికి చేరితే టరెట్ ఎగిరిపోతుంది. ఇరాక్‌లో, 2022 నుంచి ఉక్రెయిన్‌లో టీ-72లకు జరిగింది ఇదే. పళ్లెం వెడల్పు పరిమితం కాబట్టి కవచాన్ని ఛేదించే బాణంలాంటి గుండు పొడవుకూ హద్దు పడుతుంది. నాలుగో మనిషిని తగ్గించి బరువు మిగుల్చుకున్న నిర్ణయానికి చెల్లించిన మూల్యం ఇది. ఈ విషయంలో గుండ్లను విడి గదిలో పెట్టిన ఏబ్రమ్స్‌దే మెరుగైన పద్ధతి.

హిమాలయాలు

టైప్ 99 ఉత్తర మైదానాల ట్యాంకు. దక్షిణ చైనా వరిపొలాలు, వంతెనలు, టిబెట్ ఎత్తులు దానికి అనువు కావు. నాలుగు వేల మీటర్ల పైన గాలి పలచబడితే ఇంజిన్ శక్తి పడిపోతుంది. ఈ లోటు పూడ్చడానికే చైనా 1000 హార్స్‌పవర్ ఇంజిన్, 105 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న టైప్ 15 తేలిక ట్యాంకును తయారు చేసింది. బరువు 33 నుంచి 36 టన్నులు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు, ఆయన సైనికులు నేలకొరిగిన తర్వాత రెండు సైన్యాలూ లద్దాఖ్‌లోకి ట్యాంకులను తరలించాయి. భారత్ టీ-90లను, టీ-72లను పైకెక్కించింది. 2021 ఫిబ్రవరిలో పాంగాంగ్ సరస్సు దగ్గర వెనక్కి మళ్లిన చైనా వాహనాల్లో టైప్ 15లు కనిపించాయి. దానికి జవాబుగా డీఆర్‌డీఓ, ఎల్ అండ్ టీ కలిసి రూపొందించిన 25 టన్నుల జొరావర్ తేలిక ట్యాంకు 2024 జూలైలో హజీరాలో బయటికొచ్చింది.

ప్రస్తుత స్థితి

చైనా దళాల్లో సంఖ్యాబలం టైప్ 99ది కాదు, తక్కువ ఖర్చుతో తయారయ్యే టైప్ 96ది. 99 రకాలన్నీ కలిపి పన్నెండు వందల దాకా ఉంటాయని విదేశీ అంచనాలు. ఎగుమతికి నోరింకో విడిగా వీటీ-4ను తయారు చేసి థాయ్‌లాండ్, పాకిస్తాన్, నైజీరియాలకు అమ్మింది. 2025 సెప్టెంబరు కవాతులో 99బీతో పాటు టైప్ 100 అనే కొత్త ట్యాంకునూ చూపించారు. దూసుకొచ్చే క్షిపణులను దారిలోనే కూల్చే రక్షణ వ్యవస్థ దానికుంది. టరెట్‌లో మనుషులు ఉండరు. సిబ్బందిని అక్కడి నుంచి దించి ట్యాంకు కింది భాగంలో కూర్చోబెట్టారు.