ప్యూరిటను కవయిత్రి హృదయసంఘర్షణము

ప్యూరిటనులన్న మాట వినగానే చరిత్ర చదివినవారికి సామాన్యముగా ఒక చిత్రము మనస్సున మెదలును. నల్లని దుస్తులు, నవ్వెరుగని ముఖములు, నాటకశాలలను మూయించిన కాఠిన్యము, ఆదివారమునాడు గంటలకొలది సాగు మతోపన్యాసము. ఇట్టివారి యింట కవిత్వము పుట్టునా, పుట్టినను అందు మనుష్యహృదయము పలుకునా అను సందేహము సహజమైనదే. ఆ సందేహమునకు సమాధానము చెప్పగలిగినది ఆన్ బ్రాడ్‌స్ట్రీట్. అమెరికాలో కాపురముండిన ఆంగ్లేయులలో కావ్యసంపుటము అచ్చయిన తొలి కవి ఆమెయే. ఎనిమిదిమంది బిడ్డల తల్లి. ఆమె చరిత్రనంతను ఇచ్చట చెప్పుట మా ఉద్దేశము కాదు. అతిదుఃఖమును అవిశ్వాసముగా నెంచిన సమాజములో ఒక గృహిణి తన దుఃఖమును పద్యమునందు ఏ త్రోవను వెలికి రానిచ్చినదో పరిశీలింపవలెనని మాత్రమే మా కోరిక.

ఆన్ 1612 ప్రాంతమున ఇంగ్లండునందలి నార్తాంప్టనులో జన్మించెను. తండ్రి థామస్ డడ్లీ లింకన్ ప్రభువునకు దివానుగా నుండెను. చదువుకొన్న ఇల్లు, ఆడపిల్లయని పుస్తకములను దూరముగా నుంచిన ఇల్లు కాదు. పదునారవ యేట ఆమెకు మశూచికము సోకెను. బ్రదికి లేచిన పిమ్మట సైమన్ బ్రాడ్‌స్ట్రీటుతో వివాహమయ్యెను. 1630లో జాన్ విన్‌త్రాప్ నాయకత్వమున ఆర్బెల్లా అను ఓడమీద తండ్రి, భర్త మున్నగువారితో ఆమె అట్లాంటికు మహాసముద్రమును దాటి మసాచుసెట్స్ తీరమున సేలం గ్రామమును చేరెను.

తన మరణానంతరము బిడ్డలు చదువుకొనుటకై ఆమె ఒక లేఖ వ్రాసి యుంచెను. క్రొత్త దేశమును, క్రొత్త ఆచారములను చూడగానే తన హృదయము తిరుగబడినదనియు, ఇది దేవుని మార్గమేయని నమ్మకము కుదిరిన పిదప లోబడి బోస్టన్ సంఘమున చేరితిననియు అందు చెప్పుకొనెను. అంతటితో ఆగలేదు. దేవుడు నిజముగా కలడా అను సంశయము సయితము తనను పలుమారులు బాధించినదని బిడ్డల ఎదుట ఒప్పుకొనెను. మతమే ప్రాణముగా సముద్రము దాటిన కుటుంబమున ఒక తల్లి ఇట్లు వ్రాయుట సామాన్యమైన సంగతి కాదు.

అయినను, దీనిని మతద్రోహమని ఆ కాలమువారెవరును అనుకొని యుండరు. ప్యూరిటను ధర్మమున ఆత్మపరిశోధనము ముఖ్యవిధి. భక్తుడు తన మనస్సును ప్రతిదినము తానే విచారణకు నిలబెట్టుకొనవలెను. అందలి శంకను, మోహమును, కోపమును పేరుపెట్టి పిలిచి మందలింపవలెను. మందలింపవలెనన్నచో ముందుగా ఆ మోహమును పూర్తిగా చెప్పక తప్పదు గదా! వ్యాధిని దాచినవానికి వైద్యము లేదు. మొర, మందలింపు, సమర్పణము అను మూడు మెట్లు వారి ధ్యానములందు తరచు కనిపించును. ఈ మొదటి మెట్టుమీదనే కవి హృదయమునకు నిలువనీడ దొరకినదని మా అభిప్రాయము.

లోకమును ప్రేమింపరాదని ప్యూరిటనులు చెప్పలేదు. భార్యాభర్తలు, బిడ్డలు, ఇల్లు అన్నియు దైవదత్తములే. కాని వానిపైనుండి మనస్సును మెల్లమెల్లగా మాన్పించుకొనవలెను. ఇందుకు వారు వాడిన ఉపమానము చంటిబిడ్డకు పాలు మాన్పించుట. కుమారుడు సైమన్ కొరకు 1664లో వ్రాయ మొదలిడిన గద్యధ్యానములలో ఆన్ ఈ ఉపమానమునే తీసికొని, తల్లి చన్నులకు చేదాకు గాని ఆవాలు గాని రాచినను కొందరు పిల్లలు పాలు మానరనియు, కొందరు భక్తులును అట్టివారేయనియు వ్రాసెను. వేపాకు నూరి రాచుట ఎరిగిన మన ఇల్లాండ్రకు ఈ మాట వేరుగ వివరింప నక్కరలేదు. ఎనిమిదిమందికి పాలు మాన్పించిన చేయి వ్రాసిన వాక్యమది.

స్త్రీ నోరు విప్పుటకు ఆనాడు గల పరిస్థితిని గూడ కొంత తెలిసికొనవలెను. 1637లో ఆన్ హచిన్సన్ అను నామె తన యింట మతచర్చలు జరిపి బోధకులను విమర్శించినదని న్యాయసభ ఆమెను విచారించి దేశబహిష్కారము విధించెను. ఆ సభలో ఆమెను ప్రశ్నించినవారిలో మన కవయిత్రి తండ్రియు ఉండెను, భర్తయు ఉండెను. హార్ట్‌ఫర్డు గవర్నరు భార్యకు మతి చలించుటకు మితిమీరిన చదువును, వ్రాతయు కారణమని విన్‌త్రాప్ 1645లో తన దినచర్యలో వ్రాసికొనెను. కవయిత్రి సొంత చెల్లెలు సారా మతవిషయములపై బహిరంగముగా ప్రసంగించినదన్న ఆరోపణకు గురియై 1647లో బోస్టన్ సంఘమునుండి వెలివేయబడెను. ఇట్టి యింట కూర్చుండి ఆన్ పద్యములు వ్రాసెను.

1650లో ఆమె మరిది వరుసయైన జాన్ వుడ్‌బ్రిడ్జి ఆ పద్యములను ఆమెకు తెలియకయే లండనులో అచ్చువేయించెను. ఇంటిపనులను చెరచుకొనక, నిద్రలోనుండి తగ్గించుకొన్న గంటలలో ఆమె వీనిని వ్రాసినదని పీఠికలో హామీ ఇచ్చెను. మగకవి పుస్తకమునకు ఇట్టి హామీ ఎవరును వ్రాయరు. ఆ సంపుటమున చతుర్భూతములు, నాలుగు ఋతువులు, నాలుగు సామ్రాజ్యములు మున్నగు పెద్దపెద్ద విషయములు గలవు. పాండిత్యము మెచ్చదగినదే, కాని నేటివారు వానికొరకు ఆమెను చదువరు. మనకు కావలసిన పద్యములు ఆమె యింటిలోని చిన్న కాగితములపై నుండెను.

1666వ సంవత్సరము జూలై 10వ తేది రాత్రి ఆండోవరులోని వారి ఇల్లు కాలిపోయెను. అప్పటికామెకు ఏబదినాలుగేండ్లు దాపు. కుమారుడు సైమన్ పుస్తకములును ఆ మంటలలోనే పోయినవి. ఈ సంఘటనమును గూర్చి ఆమె వ్రాసిన పద్యమునందు 54 పాదములు గలవు. రెండేసి పాదములకు అంత్యప్రాస. పలుకులు పొట్టివి, ఇంట మాటలాడుకొను భాషకు దగ్గరివి. అలంకారము లేని సాదాతనము ప్యూరిటను బోధకులు గొప్పగా నెంచిన గుణము. ఈమె చేతిలో ఆ సాదాతనమే శోకమునకు వాహనమైనది.

పద్యము నడక చూడుడు. నిద్రలోనున్న యామె కేకలు విని లేచెను, బయటికి వచ్చెను, ఇల్లు కాలుచుండగా చూచెను. ఇక చూడలేక, సర్వమును కోల్పోయిన యోబు బైబిలులో పలికిన సమర్పణవాక్యమును తలచి దైవమును స్తుతించెను. అంతయు ఆయన సొత్తే, తనది కాదు, గొణుగుటకు తనకు హక్కు లేదని పలికెను. ధర్మము ప్రకారము ఇచ్చటనే పద్యము ముగియవలెను. అప్పటికి ఇరువది పాదములు మాత్రమే అయినవి!

ముగియలేదు. సమర్పణము చేసిన స్త్రీ మరల ఆ శిథిలముల ప్రక్కగా నడచుచున్నది. అదియు ఒక్కసారి కాదు, తరచు నడచితినని చెప్పుచున్నది. ఆ "తరచు" అను చిన్నమాట మీద మేము చాలసేపు ఆగితిమి. చూపు మరల్చుకొనవలెనని తెలిసియు కనులు అటే పోవుచున్నవి. తాను కూర్చుండిన చోటు, పడుకొనిన చోటు, పెట్టె యుండిన చోటు, భోషాణ ముండిన చోటు ఒక్కొక్కటిగా వ్రేలితో చూపుచున్నది. ఇది ఇక అగ్నిప్రమాద వర్ణనము కాదు. వస్తువులు లేవు, వాని స్థానములు మాత్రము ఆమె మనస్సున చెక్కుచెదరక యున్నవి.

పిమ్మట ఆమె ఇంటినే "నీవు" అని సంబోధించును. ఈ భాగము పద్యమునకు గుండెకాయ. ఇకమీదట అతిథి రాడనియు, భోజనపుబల్లయొద్ద ఎవరును కూర్చుండరనియు, పాతసంగతుల ముచ్చట్లు సాగవనియు, దీపము వెలుగదనియు, పెండ్లికుమారుని గొంతు వినబడదనియు వరుసగా చెప్పుకొని పోవును. వాక్యములన్నియు వ్యతిరేకార్థకములే. అయినను "దీపము వెలుగదు" అన్నప్పుడు వినువాని మనస్సులో వెలుగునది దీపమే. లేదు లేదనుచునే ఆమె ఆ యింటిని మరల కట్టినది, జనముతో నింపినది. లోకవస్తువులపై మమకారమును బాహాటముగా చాటుటకు వీలులేని కవికి ఈ వ్యతిరేకవాక్యములు ఎంత ఉపకరించినవో గమనింపుడు. పైకి చూచిన ఇది వైరాగ్యమే. వీడ్కోలు చెప్పుచున్నదే గాని ఏమియు కోరుట లేదు. ఈ భాగము తుదియందు సర్వము వ్యర్థమను బైబిలు భావము వచ్చును. ఆ మాటకు ముందు ఆమె అంతసేపు నిలిచి చూచినదాని వలన, అది పాఠము అప్పగించినట్లు గాక ఏడ్చి అలసిన మనిషి నిట్టూర్పువలె వినబడును.

అప్పుడు మందలింపు. ఇంతవరకు ఇంటికి చెందిన "నీవు" ఇప్పుడు తన హృదయమునకు చెందును. మన్నగు ధూళిపై ఆశ పెట్టుకొంటివా యని గద్దించి, పైన నీకు వేరొక ఇల్లు కలదని చూపును. ఆ పరలోకగృహమును వర్ణించునప్పుడు గూడ ఆమె గృహిణియే. దానిని కట్టిన శిల్పి ఎవరు, లోపలి సామగ్రి ఎట్టిది, వెల ఎవరు చెల్లించిరి అని లెక్క చెప్పును. క్రీస్తు రక్తమూల్యమున కొనబడిన మోక్షమన్నది వారి సిద్ధాంతమే. కాని ఆ సిద్ధాంతము ఇచ్చట ఇల్లు కాలిన స్త్రీకి ఇల్లు రూపముననే ఓదార్పు నిచ్చినది.

చివరి పాదములందలి క్రియారూపమును చూడవలెను. లోకమును ప్రేమించుట మానితినని ఆమె చెప్పలేదు. ఇక ప్రేమింపకుందును గాక యను ప్రార్థనరూపమున చెప్పినది. మానినవాడు మానితిననును, మానలేనివాడే మాన్పింపుమని వేడుకొనును.

ఈ వ్యాకరణసూక్ష్మము యాదృచ్ఛికము కాదనుటకు మనుమల మరణములపై ఆమె వ్రాసిన పద్యములు సాక్ష్యము. ఇల్లు కాలుటకు ముందటి యేడు, 1665 ఆగస్టులో, ఏడాదిన్నర మనుమరాలు ఎలిజబెత్ మరణించెను. ఆ పద్యమున రెండవ చరణమునిండ ప్రకృతిధర్మమును చెప్పును. చెట్టు పెరిగిన పిదపనే కుళ్లును, పండు పక్వమైన పిదపనే రాలును, పైరు కాలము వచ్చినప్పుడే కోతకు వచ్చును. అన్నియు న్యాయమే. ఆ న్యాయమునకు లోబడనిది ఒక్కటే: ఇప్పుడే నాటిన మొక్కను పెరికివేయుట. అది ఎవరి హస్తమను ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు దైవహస్తమే. బోధకుడు చదివిన తప్పు పట్టలేడు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి చదివినచో అదే వాక్యమున అభియోగము విననూవచ్చును. మేము రెండును విందుము.

1669 జూన్‌లో మూడేండ్లు దాటిన మనుమరాలు ఆన్, నవంబరులో నెలదాటి ఒక్కదినము బ్రదికిన మనుమడు సైమన్ పోయిరి. ఈ పసివానిపై పద్యము మిక్కిలి చిన్నది. భయభక్తులతో మౌనము వహింతము, కారణ మడుగకుందము, ఆయన దయాళువని పలుకుదము అను ధోరణిలో సాగును. దయాళువే యని నిశ్చయముగా చెప్పుట వేరు, అట్లు పలుకుదమని తన్ను తాను ప్రోత్సహించుకొనుట వేరు. నాలుగేండ్లలో ముగ్గురు పసివారిని పాతిపెట్టిన ముసలమ్మ గొంతు ఆ భేదములో వినవచ్చును.

దీనిని బట్టి ఇటీవలి విమర్శకులు కొందరు ఆమెను లోలోపల మతమును ధిక్కరించిన తిరుగుబాటుదారుగా చిత్రించిరి. మేము అంతదూరము పోజాలము. ధిక్కరింపదలచినవానికి సంఘర్షణము లేదు. మాంసమును ఆత్మయు అక్కచెల్లెండ్రై వాదించుకొను పద్యమొకటి ఆమెయే వ్రాసినది. అందు ఆత్మకు మాంసమునకన్న రెండింతలకు పైగా మాట దొరకినది, గెలుపును దొరకినది. కాని ఆ పద్యము మనలను అంతగా కదలింపదు. గెలుపు ముందే నిర్ణయమైనచోట వినుటకు ఏమున్నది? ఇల్లు కాలిన పద్యమున ఇరుపక్షములును నిజముగా బలమైనవి. ఆమె పరలోకగృహమును నమ్మినది. ఆ భోషాణమును మరువలేదు.

ఆన్ 1672 సెప్టెంబరు 16న మరణించెను. 1678లో బోస్టనులో వెలువడిన రెండవ కూర్పున మనుమలపై పద్యములు చేరినవి గాని ఇల్లు కాలిన పద్యము చేరలేదు. అది 1867లో జాన్ హార్వర్డ్ ఎల్లిస్ ఆమె రచనలను సంపాదించి ప్రకటించినప్పుడు గాని అచ్చు చూడలేదు. రెండువందల యేండ్లు అది కుటుంబపు వ్రాతప్రతిలోనే యుండెను. ఆ ప్రతియందు పద్యము తల్లి చేతివ్రాతలో లేదు. అదే మంటలో తన పుస్తకములు పోగొట్టుకొన్న కుమారుడు సైమన్ దానిని ఎత్తివ్రాసెను; ఒక విడికాగితము నుండి ఎత్తివ్రాసినట్లు దాని శీర్షిక క్రింద గుర్తు కలదు.