తెరపై పొగాకు హెచ్చరికలు

సినిమా, టీవీ, ఓటీటీ తెరలపై పొగాకు వాడకం కనిపిస్తే ఆరోగ్య హెచ్చరిక చూపాలన్న భారతీయ నిబంధనలకు మూలం 2003 నాటి పొగాకు ఉత్పత్తుల నియంత్రణ చట్టం (కోట్పా). అందులోని 5వ సెక్షన్ పొగాకు ప్రకటనలను నిషేధించింది. అయితే కుర్రకారును ఆకట్టుకునేది ప్రకటన కన్నా హీరో నోట్లోని సిగరెట్టే. దాన్ని ఆ చట్టం నేరుగా తాకలేదు.

అన్బుమణి రామదాస్ కేంద్ర ఆరోగ్య మంత్రిగా ఉన్న కాలంలో, 2005 మే 31న ప్రభుత్వం ఏకంగా తెరపై పొగతాగే దృశ్యాలనే నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది. సినీ పరిశ్రమ భగ్గుమంది. దర్శకుడు మహేశ్ భట్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 2008లో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పడంతో కేసు మూడో న్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్ ముందుకు వచ్చింది. భావప్రకటనా స్వేచ్ఛకు భంగమంటూ 2009 జనవరిలో ఆయన నిషేధాన్ని కొట్టివేశారు. ఆ తీర్పుపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

ఈ చిక్కుముడి నుంచి బయటపడే దారిగా హెచ్చరికల పద్ధతి బలపడింది. 2011లో సవరించిన నిబంధనలను మళ్లీ మార్చి, 2012 అక్టోబర్ 2 నుంచి అమలు చేశారు. సినిమా మొదట్లోనూ మధ్యలోనూ కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రచార చిత్రం, 20 సెకన్ల దృశ్య శ్రవణ హెచ్చరిక వేయాలి. పొగాకు కనిపించినంతసేపూ తెర అడుగున తెల్లని నేపథ్యంపై నల్లని అక్షరాల్లో హెచ్చరిక ఉండాలి. బ్రాండ్ పేర్లు కనిపించకూడదు, పోస్టర్లలో సిగరెట్ ఉండకూడదు. ఇవన్నీ పొగాకుకే వర్తిస్తాయి. మద్యం దృశ్యాల కింద కనిపించే హెచ్చరిక కోట్పా నుంచి వచ్చింది కాదు.

కళకు ఇది అడ్డంకేనన్న వాదన ఆగలేదు. తన 'బ్లూ జాస్మిన్'లో పొగతాగే దృశ్యాలపై హెచ్చరిక వేయడానికి ఒప్పుకోని వుడీ అలెన్ 2013లో ఆ చిత్రాన్ని భారత్‌లో విడుదలే చేయనివ్వలేదు. ఆ అభ్యంతరం అర్థం చేసుకోదగ్గదే. కానీ ప్రేక్షకుల్లో పిల్లలూ ఉంటారు కనుక, కత్తిరింపు లేకుండా దృశ్యాన్ని ఉంచి దాని కింద ఒక వాక్యం చేర్చడం న్యాయమైన షరతే. తెలుగునాట థియేటర్లలో వేసే ప్రచార చిత్రం మాటలు జనానికి కంఠతా వచ్చాయి. తరుణ్ భాస్కర్ 2018 చిత్రం 'ఈ నగరానికి ఏమైంది'కి పేరు అందులోంచే వచ్చింది.

ప్రేక్షకులు ఓటీటీకి మళ్లాక నిబంధనలూ అటు నడిచాయి. 2023 మే 31న ప్రకటించిన సవరణ ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. హెచ్చరిక ఆ కార్యక్రమం భాషలోనే ఉండాలి. పాటించని సంస్థలపై ఆరోగ్య, సమాచార ప్రసార, ఐటీ శాఖల ప్రతినిధుల కమిటీ చర్య తీసుకోవచ్చు.